మీ మోడల్ టీకి వాటర్ పంపు కొనేముందు థర్మామీటర్ పెట్టి చూడండి

నమస్కారం అండీ. మీరు రాసింది రెండుసార్లు చదివాను. బండి 1923 ఫోర్డ్ మోడల్ టీ టూరింగ్. బయట 27 డిగ్రీలున్న రోజున, రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడిపేసరికి రేడియేటర్ మూత మీదున్న మోటోమీటర్‌లో (వేడి చూపే గాజు మీటరు) ఎర్ర గీత పైదాకా ఎక్కేస్తోంది. ఆపితే లోపల గుడగుడమని చప్పుడు, ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి ఆవిరి. ఇంటికొచ్చాక ప్రతిసారీ లీటరు దాకా నీళ్లు పోయాల్సి వస్తోంది. ఒకరు వాటర్ పంపు బిగించమన్నారు, ఇంకొకరు రేడియేటర్ మార్చేయమన్నారు, మూడో ఆయన యాంటీఫ్రీజ్ పాళ్లు పెంచమన్నారు. వీటిలో ఏది ముందు చేయాలని మీరు అడిగారు.

ప్రస్తుతానికి ఏదీ చేయకండి. ఒక్కటి మార్చినా అసలు జబ్బు ఎక్కడుందో తెలిసే దారి మూసుకుపోతుంది. నేను మిషిగన్‌లో పాతికేళ్లుగా ఉంటున్నాను. ఉద్యోగమంతా కార్ల కూలింగ్ టెస్టింగ్‌లోనే గడిచింది. ఇంట్లో 1921 మోడల్ టీ ఒకటి ఉంది, పన్నెండేళ్లుగా నేనే విప్పుకుంటూ, బిగించుకుంటూ నడుపుతున్నాను. ఆ బండితో ఒక ఎండాకాలమంతా మీలాగే ఇబ్బంది పడ్డాను. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు ఈ బండిలో నీళ్లు ఎలా తిరుగుతాయో చూద్దాం. 1908 అక్టోబరులో మోడల్ టీ మొదలైనప్పుడు మొదటి రెండున్నర వేల బండ్లకు వాటర్ పంపు ఉండేది. తర్వాత ఫోర్డ్ దాన్ని తీసేసింది. 1927 మే దాకా తయారైన కోటీ యాభై లక్షల బండ్లలో మిగిలినవన్నీ పంపు లేకుండానే వచ్చాయి. దీన్ని థర్మోసైఫన్ పద్ధతి అంటారు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడు అడుగున కాగిన నీళ్లు పైకి లేస్తాయి, పైనున్న చల్లటివి కిందికి దిగుతాయి కదా, ఇక్కడా జరిగేది అదే. సిలిండర్ల చుట్టూ కాగిన నీళ్లు హెడ్ (సిలిండర్ల మీద బిగించే మూత) ముందున్న గొట్టం గుండా రేడియేటర్ పై ట్యాంకులోకి ఎక్కుతాయి. ట్యూబుల్లో చల్లబడి కిందికి దిగి, కింది గొట్టం గుండా మళ్లీ ఇంజిన్ బ్లాక్ పక్కనుంచి లోపలికి వెళ్తాయి.

ఈ తోపుడు ఎంత బలమైనదో తెలిస్తే మీ సమస్య సగం అర్థమవుతుంది. 60 డిగ్రీల దగ్గర లీటరు నీళ్లు సుమారు 983 గ్రాములు తూగుతాయి. 90 డిగ్రీల దగ్గర 965. అంటే తేడా 18 గ్రాములే. వేడి నీళ్ల నిలువుకూ చల్లటి నీళ్ల నిలువుకూ ఒక అడుగు ఎత్తు అనుకుంటే, నీళ్లను తిప్పే బలం అర సెంటీమీటరు ఎత్తు నీళ్ల ఒత్తిడికి సమానం. అంతకుమించి లేదు! మామూలు కారు పంపు దీనికి వందల రెట్లు తోస్తుంది కాబట్టి కొద్దిపాటి అడ్డంకులు దానికి లెక్కలోకి రావు. మన బండికి మాత్రం హోస్ లోపల రబ్బరు పొర ఊడి వేలాడినా, ట్యూబుల్లో తుప్పు పొడి పేరుకున్నా ప్రవాహం సగానికి పడిపోతుంది.

ఇందులోంచే ఇంకో రెండు విషయాలు తెలుస్తాయి. ఒకటి, నీటి మట్టం ఎప్పుడూ పై గొట్టం నోటికంటే పైనే ఉండాలి. అది కిందికి జారితే గొలుసు తెగినట్టు ప్రవాహం ఆగిపోతుంది, నాలుగైదు నిమిషాల్లో బ్లాకులో నీళ్లు తెర్లుతాయి. రెండోది, ఈ ఇంజిన్‌కు థర్మోస్టాట్ లేదు. వేడి పెరిగినకొద్దీ ప్రవాహం పెరిగి తనను తానే సర్దుకుంటుంది. కాబట్టి పై గొట్టం దగ్గర 85, 90 డిగ్రీలు కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఆ వేడి లేకపోతే నీళ్లు అసలు కదలవు.

ఇప్పుడు మొదటి పరీక్ష. నిజంగా మరిగి పోతున్నాయా, లేక మీరు ఎక్కువ పోసిన నీళ్లే బయటికి పోతున్నాయా? ఇది అడిగినందుకు ఏమీ అనుకోకండి. మోడల్ టీ కొత్తగా కొన్నవాళ్లలో చాలామంది దగ్గర నేను చూసింది ఇదే. రేడియేటర్‌లో మూత అంచుదాకా పోస్తాం. నీళ్లు వేడెక్కి వ్యాకోచిస్తాయి, కుదుపులకు తొణుకుతాయి, ఒత్తిడి పట్టే మూత కాదు కాబట్టి ఓవర్‌ఫ్లో గొట్టంలోంచి రోడ్డు మీద పడతాయి. ఇంటికొచ్చి చూస్తే లీటరు తక్కువ. మళ్లీ అంచుదాకా పోస్తాం, మళ్లీ పోతుంది. ఈసారి పోయకండి. బండి చల్లారాక ఒక సన్నటి పుల్ల ముంచి, మూత అంచు నుంచి మట్టం ఎంత కిందుందో కొలిచి రాసుకోండి. అది పై గొట్టం నోటికి పైన ఉన్నంతవరకు అలాగే మూడుసార్లు నడపండి. మట్టం ఒకచోట ఆగిపోయిందంటే మీ బండి తనకు కావలసినంత ఉంచుకుని మిగతాది వదిలేసిందన్నమాట. ఇంకా తగ్గుతూనే ఉంటే మరుగుతున్న మాట నిజమే. మీరు గుడగుడ చప్పుడు రాశారు కాబట్టి మీది రెండో రకమే అనుకుంటున్నాను, అయినా ఈ పరీక్ష వదలకండి.

మోటోమీటర్ మీద ఒక మాట. చూడ్డానికి ఎంతో అందంగా ఉంటుంది, నా బండికీ ఉంది. కానీ అది కొలిచేది నీళ్ల వేడిని కాదు, పై ట్యాంకులో నీళ్ల పైనున్న గాలి, ఆవిరి వేడిని. ఆవిరి పుట్టాకే గట్టిగా కదులుతుంది. ప్రమాదం వచ్చిందని చెప్పగలదు, ఎంత దూరంలో ఉందో చెప్పలేదు. పరీక్షకు థర్మోకపుల్ తీగలు (కొనతో వేడిని కొలిచేవి) రెండు పెట్టుకునే డిజిటల్ మీటర్ ఒకటి తెచ్చుకోండి, ఖరీదేమీ కాదు. ఒక తీగ కొనను హెడ్ ముందున్న ఇనుప గొట్టానికి, ఇంకొకటి కింది గొట్టానికి ఆనించి టేపు చుట్టి, పైన గాలి తగలకుండా మందంగా గుడ్డ చుట్టండి. ఆ గుడ్డ, తీగలు ఫ్యాన్‌కు తగలకుండా గట్టిగా కట్టాలి. ఇన్‌ఫ్రారెడ్ గన్ ఉన్నా పనికొస్తుంది కానీ మెరిసే ఇత్తడి మీద, నికెల్ మీద అది తప్పుడు లెక్క చెబుతుంది. 1916 దాకా వచ్చిన ఇత్తడి రేడియేటర్ బండ్లలో 90 డిగ్రీల ట్యాంకును అది 40, 50 అని చూపిస్తే యజమానులు నమ్మేసి బ్లాకును కాల్చుకుంటారు. మెరిసే చోట నల్ల పెయింటు చుక్క గానీ మాస్కింగ్ టేపు ముక్క గానీ అంటించి, దాని మీద కొలవండి.

ఇక అసలు పరీక్ష. మా ల్యాబులో దీన్ని వాడుకలో 'ఎయిర్ టు బాయిల్' అంటాం. ఎంత ఎండలో ఈ బండి మరుగుతుంది అని దీని అర్థం. లెక్క చాలా తేలిక. ఒకే రోడ్డు, ఒకే లోడు, ఒకే వేగం పెట్టుకోండి. గంటకు 50 కిలోమీటర్లు చాలు. పై గొట్టం అంకె ఐదు నిమిషాల పాటు కదలకుండా నిలబడేదాకా నడపండి. ఆ అంకెలోంచి బయటి గాలి వేడిని తీసేయండి. ఆ తేడా బండికి స్థూలంగా స్థిరం, ఎండ పెరిగితే పై అంకె కూడా అంతే పెరుగుతుంది. నీళ్లు మరిగే అంకెలోంచి ఆ తేడాను తీసేస్తే మీ బండి తట్టుకోగల ఎండ ఎంతో వస్తుంది.

నా బండి అంకెలు చెబుతాను. బయట 24 ఉన్నప్పుడు పై గొట్టం 82 దగ్గర నిలబడింది. తేడా 58. ఇక్కడి ఎత్తుకు నీళ్లు 99 దగ్గర మరుగుతాయి. 99లోంచి 58 పోతే 41. అంటే 41 డిగ్రీల ఎండదాకా భయం లేదు, మా ఊళ్లో ఆ ఎండ రాదు. అదే బండిని మే నెలలో హైదరాబాద్‌లో నడిపితే? అది సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, నీళ్లు 98 దగ్గరే మరుగుతాయి, ఎండ 42 దాటుతుంది. తప్పకుండా మరుగుతుంది. ఒక్క పురి మారకుండానే ఇక్కడ బాగున్న బండి అక్కడ రోగిష్టిది అవుతుంది. అందుకే 'నా బండి మరగదు' అని ఎవరైనా అంటే, ఏ ఎండలో, ఎంత ఎత్తులో, ఎంత వేగంతో అని అడగాలి. మీ బండి 27 డిగ్రీల రోజున 99 చేరింది కాబట్టి మీ తేడా కనీసం 72. దాన్ని 60 లోపుకు దించడం మన లక్ష్యం. ప్రతి మార్పు తర్వాత ఈ తేడాను ఒక నోటుబుక్కులో రాసుకోండి. ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

పై అంకె ఒక్కటే చూస్తే చాలదు, కింది అంకె ఇంకా ఎక్కువ చెబుతుంది. పైన 97, కింద 45 ఉందనుకోండి. రేడియేటర్‌లోకి వచ్చిన కొద్దిపాటి నీళ్లు బాగా చల్లబడుతున్నాయి కానీ తగినన్ని రావడం లేదు. అంటే ఎక్కడో అడ్డం పడింది: మట్టం తక్కువ, హోస్ లోపలి పొర, పూడిన ట్యూబులు, బ్లాకులో మడ్డి. పైన 97, కింద 85 ఉంటే కథ వేరు. నీళ్లు బ్రహ్మాండంగా తిరుగుతున్నాయి కానీ వేడిని వదలడం లేదు. అప్పుడు రేడియేటర్ రేకులను గానీ గాలిని గానీ అనుమానించాలి. ఈ రెండో రకానికి పంపు పెడితే పైసా ఉపయోగం ఉండదు. ఇప్పటికే తిరుగుతున్న వేడి నీళ్లను ఇంకా వేగంగా తిప్పినట్టు అవుతుంది.

ఏ సమయంలో వేడెక్కుతోందో కూడా గమనించండి. ఊరేగింపులో, సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడే వేడెక్కి, రోడ్డెక్కాక తగ్గిపోతే గాలి చాలడం లేదు. ఫ్యాన్ బెల్టు జారుతోందేమో చూసుకోండి. నూనె పట్టిన పాత బెల్టు బిగుతుగా కనిపించినా జారుతుంది. స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకే తెర్లితే నీటి మట్టం, హోస్, హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కూ బ్లాకుకూ మధ్య ఉండే పొర) చూసుకోండి. నిలబడ్డప్పుడు బాగుండి, మీకు జరిగినట్టు రోడ్డు మీద ఇరవై నిమిషాలకు వేడెక్కితే మూడింటిలో ఒకటి: స్పార్క్, పెట్రోలు-గాలి మిక్చర్, రేడియేటర్. బ్రేకు, గేరు బ్యాండ్లు పట్టేసి ఉన్నా ఇంజిన్ మీద భారం పడి ఇదే జరుగుతుంది. చదునైన చోట న్యూట్రల్‌లో పెట్టి ఒక్కరే తోయండి, తేలిగ్గా కదిలితే ఆ అనుమానం తీరిపోతుంది.

స్పార్క్ గురించి కాస్త ఎక్కువే చెబుతాను, ఎందుకంటే దీనికి ఖర్చు లేదు. పైగా ఇప్పటి కార్లు నడిపినవాళ్లకు ఇది అలవాటు లేని విషయం. మోడల్ టీలో స్పార్క్ ఎప్పుడు పడాలో డ్రైవరే చెప్పాలి. స్టీరింగ్ కింద ఉన్న స్పార్క్ లీవర్ పైకి ఉంటే రిటార్డ్ (స్పార్క్ ఆలస్యంగా పడుతుంది), కిందికి లాగితే అడ్వాన్స్ (ముందుగా పడుతుంది). హ్యాండిల్‌తో స్టార్ట్ చేసేటప్పుడు పైకే ఉంచాలి, లేకపోతే ఇంజిన్ వెనక్కి తన్ని మణికట్టు విరుగుతుంది. కానీ స్టార్ట్ అయ్యాక వెంటనే కిందికి తేవాలి. చాలామంది చేయి విరుగుతుందన్న భయంతో సగం వరకే లాగి అలాగే నడుపుతుంటారు.

స్పార్క్ ఆలస్యంగా పడితే ఏమవుతుంది? పిస్టన్ కిందికి దిగిపోతున్నా మంట ఇంకా మండుతూనే ఉంటుంది. ఆ వేడి చక్రాన్ని తిప్పే పని చేయకుండా, సిలిండర్ గోడలకూ ఎగ్జాస్ట్ దారికీ పోతుంది. ఎగ్జాస్ట్ దారి చుట్టూ ఉన్నవి మన నీళ్లే. శక్తి తగ్గింది కాబట్టి మనం థ్రాటిల్ ఇంకా తెరుస్తాం, పెట్రోలు ఎక్కువ కాలుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. రాత్రి పూట బానెట్ ఒక పక్క ఎత్తి చూస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎర్రగా వెలుగుతూ కనిపిస్తుంది. అలా కాలినవే తర్వాత వంగిపోతాయి. గంటకు 40 దగ్గర నిలకడగా వెళ్తూ లీవర్‌ను నెమ్మదిగా కిందికి లాగండి. ఇంజిన్ లాగుడు పెరుగుతూ వస్తుంది, ఒకచోట గరుకుగా అనిపిస్తుంది. అక్కడినుంచి కొంచెం వెనక్కి తేవాలి. ఆ చోటు చేతికి అలవాటయ్యేదాకా ప్రయాణంలో చూసుకుంటూ ఉండాలి. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజిన్ వేగం తగ్గితే కొద్దిగా పైకి, దిగాక మళ్లీ కిందికి.

లీవర్ పూర్తిగా కిందికి లాగినా గరుకు రావడం లేదంటే, స్పార్క్ ఎప్పుడు పడాలో కాయిల్‌కు చెప్పే టైమర్ సెట్టింగే తప్పు. చూసే పద్ధతి ఇది. పెట్రోలు ట్యాపు మూసేసి, నాలుగు ప్లగ్గులూ విప్పి దూరంగా పెట్టండి. స్పార్క్ లీవర్ పూర్తిగా పైకి. స్విచ్ బ్యాటరీ మీద పెట్టి హ్యాండిల్‌ను మెల్లగా తిప్పండి. కంప్రెషన్ స్ట్రోకులో ఒకటో నంబరు పిస్టన్ పైకి వచ్చి, అంచు దాటి కొంచెం దిగాక, అంటే క్రాంక్ సుమారు 15 డిగ్రీలు తిరిగాక, ఒకటో కాయిల్ ఝుమ్మని మోగాలి. అంతకంటే చాలా ఆలస్యంగా మోగితే టైమర్ రాడ్డును కొద్దిగా వంచి సరిచేయాలి. పిస్టన్ పైకి చేరకముందే మోగితే మాత్రం వెంటనే ఆపి సరిచేయండి, ఆ బండి మీ చేయి విరుస్తుంది. రాడ్డు కీళ్లు వందేళ్లకు అరిగి వదులైతే లీవర్ కదిలినా టైమర్ కదలదు, అది కూడా కళ్లతో చూడాలి.

మిక్చర్ సంగతి తొందరగా చెబుతాను. డ్యాష్ మీది నాబ్ కార్బ్యురేటర్ సూదిని తిప్పుతుంది. బాగా మూసేస్తే పెట్రోలు తక్కువై మంట మందగిస్తుంది, ఫలితం ఆలస్యపు స్పార్క్ లాంటిదే. పూర్తిగా మూసి (బలంగా బిగించకండి, సూది కొన పాడవుతుంది) ఒకటింబావు చుట్టు తెరిచి మొదలుపెట్టండి. ఇంజిన్ వేడెక్కాక నునుపుగా లాగేచోట ఉంచి, అక్కడినుంచి ఒక చిన్న పిసరు తెరవండి.

ఇవి రెండూ సరిచేసి మళ్లీ అదే రోడ్డు మీద తేడా కొలవండి. స్పార్క్ ఒక్కటి దారికి వస్తేనే పది డిగ్రీలు తగ్గిన బండ్లు చూశాను. అయినా 65 పైనే ఉంటే రేడియేటర్ దగ్గరికి వెళ్దాం.

నా ఎండాకాలం పోయింది ఇక్కడే. నేను కొన్నప్పుడు నా బండి రేడియేటర్ చూడముచ్చటగా ఉంది. చుక్క లీకు లేదు, కొత్త నల్ల పెయింటు. అంతకు కొన్నేళ్ల ముందే బాగు చేయించామని అమ్మినాయన రసీదు కూడా చూపించారు. బయట 22 ఉన్న రోజున పై గొట్టం 97. తేడా 75. లీకు లేదు కాబట్టి రేడియేటర్ బాగుందనే అనుకుని, టైమర్ మార్చాను, గ్యాస్కెట్ మార్చాను, రెండు రోజులు కూర్చుని బ్లాకు కడిగాను. తేడా 75 నుంచి 71కి వచ్చింది, అంతే. కింది అంకె ముందే కొలిచి ఉంటే మొదటిరోజే తెలిసేది, అది 86 ఉంది. ఉద్యోగంలో రోజూ రెండు వైపులా కొలిచేవాణ్ణి సొంత బండికి ఒకవైపే కొలిచాను. చివరికి ఒక సాయంత్రం రేకులను వేలితో పక్కకు నెట్టి చూశాను. ట్యూబు చుట్టూ రేకు అటూ ఇటూ జారింది. టంకం లేదు!

పాత మోడల్ టీ రేడియేటర్‌లో నిలువుగా గుండ్రటి ట్యూబులు, వాటి చుట్టూ అడ్డంగా పల్చటి రేకులు ఉంటాయి. ట్యూబులో వేడి రేకులోకి పాకేది ఆ రెంటినీ అతికించిన టంకం వల్లే. వందేళ్ల కుదుపులకు, తుప్పుకు ఆ టంకం పొడిగా రాలిపోతుంది. ట్యూబు, రేకు తాకుతున్నట్టే కనిపిస్తాయి కానీ మధ్యలో వెంట్రుకంత గాలి సందు ఉంటే చాలు, వేడి దాటదు. నీళ్లు కారవు, ప్రవాహం ఆగదు, పెయింటు మెరుస్తూనే ఉంటుంది. రేడియేటర్ మాత్రం చచ్చిపోయి ఉంటుంది. పైగా మందంగా పూసిన పెయింటు ఆ ఊడిన రేకులను కదలకుండా పట్టి ఉంచి మనల్ని మభ్యపెడుతుంది. అందుకని ఏడెనిమిది చోట్ల, ముఖ్యంగా మధ్యలోనూ కింది సగంలోనూ, చెక్కపుల్లతో రేకును మెల్లగా నెట్టి చూడండి. జారితే దాన్ని కడిగినా, మందు పోసినా బతికించలేరు. కొత్త కోర్ (ట్యూబులు, రేకులు ఉన్న భాగం) వేయించాలి, లేదా ఇప్పుడు కొత్తగా తయారుచేస్తున్న బల్లపరుపు ట్యూబుల రేడియేటర్ పెట్టాలి. నాది మార్చాక తేడా 71 నుంచి 58కి దిగింది. పైన రాసిన 82 ఆ తర్వాతిదే.

రేకులు గట్టిగా ఉంటే ట్యూబులు చూడండి. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో రేడియేటర్ ముందు భాగాన్ని ఎడమనుంచి కుడికి చదవండి. నిలువుగా ఒక పట్టీ చల్లగా కనిపిస్తే ఆ ట్యూబులు పూడిపోయాయి. ఇంకో పరీక్ష ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు: కింది హోస్ విప్పి, రేడియేటర్ నోటిని అరచేత్తో మూసి, పైన నింపించి, ఒక్కసారిగా వదలండి. నోటి నిండుగా ధార పడాలి. సన్నగా కారితే పూడిక ఉంది.

పూడిక ఎలా వస్తుందో చిన్నప్పటి నుంచీ చూసినవాణ్ణి. మా ఊళ్లో లారీ డ్రైవర్లు రేడియేటర్ కారితే గుప్పెడు పసుపు పోసేవాళ్లు. కారడం ఆగి లారీ ఊరు చేరేది. ఇక్కడ అమెరికాలో పాతకాలపు వాళ్లు గోధుమ తవుడు, కోడిగుడ్డు తెల్లసొన పోసేవాళ్లు. దారి మధ్యలో ఇరుక్కున్నవాడికి అది ప్రాణాధారమే, తప్పు పట్టను. కానీ పంపు ఉన్న లారీకి ఆ ముద్ద అడ్డం కాకపోవచ్చు, అర సెంటీమీటరు బలంతో నడిచే మన నీళ్లకు అది గోడ. ఇప్పుడు సీసాల్లో అమ్మే లీకు మందులూ ఇదే పని చేస్తాయి. మోడల్ టీలో పోయకండి.

కడగాలంటే క్రమం ముఖ్యం. ముందు చాకలి సోడా కలిపిన నీళ్లతో నడిపి లోపలి నూనె జిడ్డు తీయాలి. జిడ్డు ఉండగా పులుపు తుప్పును అంటదు. తర్వాత శుభ్రంగా కడిగి, లీటరుకు 30 గ్రాముల చొప్పున నిమ్మ ఉప్పు కలిపి నింపండి. ఈ బండికి సుమారు 11 లీటర్లు పడతాయి. ఒక గంట వేడి మీద నడిపి, వదిలి, వంట సోడా నీళ్లతో ఒకసారి, మంచినీళ్లతో రెండుసార్లు కడగండి. రాళ్లు కడిగే గాఢ ఆమ్లాలు వద్దే వద్దు, ఇత్తడినీ టంకాన్నీ తినేస్తాయి. కడిగాక కొత్త లీకులు బయటపడవచ్చు, అప్పటిదాకా ఆ చిల్లులను మూసి ఉంచింది తుప్పే.

గ్యాస్కెట్ పరీక్ష చిన్నదే. చల్లటి ఇంజిన్‌ను మూత తీసి స్టార్ట్ చేసి పై ట్యాంకులోకి చూడండి. నీళ్లు ఇంకా వేడెక్కకముందే బుడగలు వరసగా వస్తుంటే సిలిండర్ గ్యాస్ నీళ్లలోకి దూరుతోంది. నిర్ధారించుకోవాలంటే నీలం రంగు పరీక్ష ద్రవం దొరుకుతుంది, ఎగ్జాస్ట్ గ్యాస్ తగిలితే పసుపు పచ్చగా మారుతుంది.

ఇక మీకిచ్చిన సలహాలు. యాంటీఫ్రీజ్ పెంచితే వేడి తగ్గదు, పెరుగుతుంది. సగానికి సగం కలిపితే ద్రవం చిక్కబడుతుంది, మోయగల వేడి కూడా మామూలు నీళ్లకంటే తగ్గుతుంది. బలహీనమైన మన ప్రవాహానికి రెండూ నష్టమే. ఎండాకాలంలో డిస్టిల్డ్ నీళ్లు, తుప్పు నిరోధకం చాలు. చలికాలంలో మాత్రం ఇక్కడ నీళ్లతో వదిలేస్తే బ్లాకు పగులుతుంది. పూర్తిగా ఖాళీ చేయండి, లేదా ఆ నాలుగు నెలలకే సగం పాళ్లు కలపండి.

వాటర్ పంపు వద్దని ఎందుకంటున్నానో కూడా చెబుతాను. మంచి రేడియేటర్ ఉన్న బండికి అది అక్కర్లేదు. రేకులు ఊడిన రేడియేటర్‌ను అది బాగు చేయలేదు. ట్యూబులు కొంత పూడిన బండిలో ఒకటి రెండేళ్లు జబ్బును దాచిపెడుతుంది, అంతవరకు పనిచేసినట్టే ఉంటుంది. పైగా థర్మోస్టాట్ లేని ఇంజిన్‌లో పంపు మొదటి నిమిషం నుంచే చల్లటి నీళ్లను తోస్తుంది, చలికాలంలో ఇంజిన్ సరిగా వేడెక్కక పెట్రోలు నూనెలోకి దిగుతుంది. ప్యాకింగు లీకులు, బెల్టు మీద భారం అదనం. కొండ దారుల్లో నిండా జనంతో రోజంతా నడిపేవాళ్లు పెట్టుకుంటే నేను కాదనను. మీ వాడకం అది కాదు.

ఒక జాగ్రత్త. మరుగుతున్నప్పుడు మూత ముట్టుకోకండి, చల్లటి నీళ్లు అసలు పోయకండి. బాగా కాగిన ఇనప బ్లాకు మీద చల్లటి నీళ్లు పడితే పగులు వస్తుంది, అలాంటి బ్లాకు మళ్లీ దొరకడం కష్టం. నీడన ఆపి, అరగంట వదిలేసి, మూతను గుడ్డతో పట్టుకుని తిప్పండి. ఫ్యాన్ దగ్గర వంగేముందు ఇంజిన్ ఆపాలి. పాత రివెట్ల ఫ్యాన్ రెక్కలు మొదలు దగ్గర పగుళ్లిచ్చి ఊడి రేడియేటర్‌లోకి దూసుకుపోతాయి. భూతద్దంతో ఒకసారి చూసుకోండి.

ఈ శనివారం నీటి మట్టం పరీక్ష, ఆదివారం రోడ్డు పరీక్ష చేయండి. తర్వాత నాలుగు విషయాలు ఇక్కడ రాయండి: బయటి వేడి, పై గొట్టం, కింది గొట్టం, స్పార్క్ లీవర్ ఎంతవరకు లాగి నడిపారు. వీలైతే రేకును పుల్లతో నెట్టినప్పుడు తీసిన ఫొటో కూడా పెట్టండి, దగ్గరనుంచి, వెలుతురులో.